పొగని పోనివ్వకుండా డ్రమ్ములో కట్టె బొగ్గు చేసుకోవడం ఎలా

మా ప్రకాశం జిల్లాలో రోడ్డు దిగి నాలుగడుగులు వేస్తే సర్కారు తుమ్మ తగులుతుంది. చెరువు కట్ట మీద అదే, బీడులో అదే, కాలవ గట్టున అదే, కొట్టేసిన చోట ఏడాది తిరక్కుండా మళ్లీ గుబురు కడుతుంది. వంటచెరకు కొరత తీరుతుందని 1870ల చివర్లో మద్రాసు అటవీ శాఖ విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం వైపు నాటించింది, అక్కణ్ణుంచి అది ఆగిందే లేదు. దీనికి తోడు సామిల్లు బయట పడి ఉండే జామాయిల్ చెక్కలు, సుబాబుల్ తోట కొట్టాక మిగిలే కొమ్మలు, పొలంలో పత్తి కట్టె, కంది కంప. ఇదంతా ఏటా ఎక్కడికక్కడ అగ్గిపుల్ల గీసి తగలబెట్టేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒక 200 లీటర్ల ఇనుప డ్రమ్ము, కాస్త వెల్డింగు పని, ఓ 200 ఇటుకలు ఉంటే అదే చెత్త కట్టె మంచి బొగ్గు అవుతుంది, అది అయ్యేటప్పుడు వచ్చే మంట కూడా మనకే పనికొస్తుంది. ఎలాగో మొదటి నుంచి చెప్తాను, ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా జాగ్రత్తల దగ్గర తొందరపడి దాటేయకండి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బుర్రకెక్కాలి. కట్టెని గాలి తగలకుండా వేడి చేస్తే అది మండదు, విడిపోతుంది. 100 డిగ్రీల దగ్గర లోపలి తడి ఆవిరైపోతుంది. 200 దాటాక కట్టె రంగు మారి పుల్లటి వాసన మొదలవుతుంది. సుమారు 280 డిగ్రీల దగ్గర కట్టె తనంతట తానే వేడి పుట్టించడం మొదలుపెడుతుంది, అక్కణ్ణుంచి 400 దాకా గ్యాసు గుప్పుగుప్పుమని వస్తుంది. చివరికి మిగిలే నల్లటి గట్టి పదార్థమే బొగ్గు. ఆ గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, మీథేన్, ఇంకా తారు ఆవిర్లు ఉంటాయి, అన్నీ మండేవే. మనం పొగ అని చేత్తో విసురుకునేది అసలు మండకుండా పోతున్న ఇంధనం.

లెక్క చూడండి. బాగా ఎండిన కట్టె కేజీకి సుమారు 4,000 కిలో క్యాలరీల వేడి ఇస్తుంది, మంచి బొగ్గు సుమారు 7,000 ఇస్తుంది. 100 కేజీల కట్టె పెడితే మంచి డ్రమ్ములో 25 నుంచి 30 కేజీల బొగ్గు వస్తుంది. అంటే కట్టెలో ఉన్న శక్తిలో సగానికి కాస్త అటూ ఇటూగా బొగ్గులో మిగులుతుంది, తక్కిన సగం గ్యాసుగా బయటికి పోతుంది. మట్టి కప్పి రోజుల తరబడి కాల్చే పాత బొగ్గుల బట్టీలో అయితే 100 కేజీలకి 10 నుంచి 20 కేజీలు వస్తే గొప్ప, ఎందుకంటే అక్కడ కట్టెలో కొంత భాగం బట్టీని వేడెక్కించడానికే కాలిపోతుంది, పొగంతా ఊరి మీద పడుతుంది. మన డ్రమ్ములో ఆ పొగనే పైపు ద్వారా కిందికి తిప్పి డ్రమ్ము కిందే మండిస్తాం. ఈ ఒక్క మార్పు కోసమే ఈ శ్రమంతా.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మీ అవసరం కేవలం ఇంట్లో వంటే అయితే బొగ్గు చేయకండి, ఎండిన కట్టెని మంచి పొయ్యిలో నేరుగా వాడుకోవడమే లాభం. ఇస్త్రీ బండికి, కమ్మరి కొలిమికి, కబాబులు కాల్చే హోటలుకి, పొగ లేకుండా నిప్పు కావాల్సిన చోటికి, లేదా పొలం మట్టిలో కలపడానికి అయితేనే బొగ్గు చేయడంలో అర్థం ఉంది.

కట్టె ఎక్కడిది, ఏ కట్టె పనికిరాదు

పడి ఉన్న కట్టె, సామిల్లు ముక్కలు, పంట కట్టె వాడుకోండి (పత్తి కట్టె, కంది కంపకి మాత్రం డ్రమ్ము కాదు, వేరే గుంట పద్ధతి ఉంది, చివర్లో చెప్తాను). చెట్టు కొట్టాల్సి వస్తే మాత్రం, అది మీ పట్టా భూమిలో ఉన్నా సరే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఉంది, కొన్ని జాతులకి మినహాయింపులు ఉన్నాయి, బొగ్గు బండి మీద వేసి తరలించడానికి వేరే అనుమతులు ఉంటాయి. మీ ప్రాంతం అటవీ బీట్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి ముందే అడిగి రండి. అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు ఈ పని అస్సలు వాయిదా వేయొద్దు.

పెయింటు వేసిన తలుపులు, ప్లైవుడ్డు, ఎండీఎఫ్ బోర్డు, సన్‌మైకా అంటించిన చెక్క, పాత రైల్వే స్లీపర్లు, మందు పట్టించిన కట్టె వద్దే వద్దు. జిగురులో, మందుల్లో ఉండే విషాలు పొగలోకీ బూడిదలోకీ వస్తాయి, ఆ బొగ్గు మీద తిండి కాల్చడం అంటే విషం వడ్డించినట్టే. ఇల్లు కూల్చిన కట్టె చవగ్గా దొరుకుతుందని ఆశ పడతారు, అందులో మేకులు ఉన్నా ఫర్వాలేదు గానీ రంగు ఉంటే పక్కన పెట్టేయండి.

ఇక ఎండబెట్టడం. ఈ పని మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టు పట్టేది దీని మీదే. పచ్చి కట్టెలో బరువుకి దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. 50 కేజీల కట్టెలో 20 కేజీలు నీళ్లే అనుకోండి, ఆ నీళ్లన్నీ ఆవిరయ్యేదాకా డ్రమ్ములో బొగ్గు తయారవడం మొదలవదు, ఆ ఆవిరి కోసం మీరు కిందపెట్టే మంట కట్టె పది కేజీలకి పైనే దండగ అవుతుంది. ఎండాకాలంలో కొట్టి, అరచేతి వెడల్పుకి చీల్చి, వాన తగలకుండా పైన రేకు వేసి, గాలి ఆడేలా అడ్డంగా నిలువుగా పేర్చి కనీసం రెండు మూడు నెలలు ఉంచండి. ఎండిందో లేదో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే "టక్" మని మోగాలి, "దబ్" మంటే ఇంకా తడి ఉన్నట్టు. చివర్లలో బీటలు కనపడాలి, బెరడు చేత్తో లాగితే ఊడి రావాలి. నమ్మకం చాలకపోతే ఒక ముక్కని కాటా మీద తూచి రాసుకుని, వారం ఎండలో పెట్టి మళ్లీ తూచండి, బరువు తగ్గకపోతే సిద్ధం అన్నమాట.

డ్రమ్ము, పైపు, ఇటుక కట్టుబడి

డ్రమ్ము మూత పూర్తిగా ఊడొచ్చే రకం కావాలి, రింగు లాక్ ఉన్నది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు నింపి పంపే ఇనుప డ్రమ్ములు చూశారా, ఆ రకం. పాత ఇనుము షాపులో అడిగితే దొరుకుతాయి. ముందు అందులో ఏముండేదో అడిగి తెలుసుకోండి. పురుగుమందు, యాసిడ్, ఇంకేదైనా కెమికల్ ఉన్న డ్రమ్ము ఎంత చవకైనా తీసుకోవద్దు. థిన్నరు, పెట్రోలు ఉండి ఖాళీ అయిన డ్రమ్ముకి గ్యాస్ కటింగ్ పెడితే లోపలి ఆవిరి అంటుకుని డ్రమ్ము పేలుతుంది, మనుషులు పోయిన సందర్భాలు ఉన్నాయి. ఆ రిస్కు మనకెందుకు, తిండి పదార్థాలు ఉన్న డ్రమ్మే వెతకండి. లోపల లక్కలాంటి పూత ఉంటే, మొదటిసారి మూత తీసేసి ఆరుబయట ఖాళీగా ఒకసారి బాగా కాల్చేయండి, గాలి వచ్చే వైపు నిలబడి.

డ్రమ్ముని నిలబెట్టం, అడ్డంగా పడుకోబెడతాం. మూత మన వైపు, అడుగు భాగం వెనకవైపు. వెనక అడుగు రేకు మీద, కింది అంచుకి దగ్గరగా, ఒకటిన్నర అంగుళం ఎంఎస్ పైపు, అంటే పూత లేని మామూలు ఇనుప పైపు, వెల్డింగు చేయించండి. జీఐ పైపు వద్దు, దాని మీద ఉండే జింకు పూత మంటలో కాలి వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు, జ్వరం తెప్పిస్తుంది. పైపు బయటికి వచ్చాక కిందికి వంగి, మళ్లీ ముందుకి తిరిగి, డ్రమ్ము పొట్ట కిందుగా మూత వైపు దాకా రావాలి, డ్రమ్ముకీ పైపుకీ మధ్య జానెడు ఎడం ఉండాలి. పైపు పెట్టే చోట డ్రమ్ము లోపలి వైపున గట్టి ఇనుప జాలీ ముక్క అడ్డంగా వెల్డ్ చేయిస్తే బొగ్గు ముక్కలు వచ్చి పైపులో ఇరుక్కోవు. కింది అంచు దగ్గరే ఎందుకంటే, లోపల తయారయ్యే తారు కూడా జారి పైపులోకే వచ్చి మంటలో కాలిపోతుంది, డ్రమ్ములో గడ్డ కట్టదు.

డ్రమ్ము కింద ఉన్న పైపు భాగానికి రంధ్రాలు వేయాలి. ఇక్కడ చాలామంది పొదుపు చేస్తారు, చేయొద్దు. రంధ్రాల మొత్తం విస్తీర్ణం పైపు లోపలి విస్తీర్ణం కన్నా తక్కువ ఉండకూడదు. ఒకటిన్నర అంగుళం పైపు లోపలి విస్తీర్ణం సుమారు 13 చదరపు సెంటీమీటర్లు, 8 మిల్లీమీటర్ల డ్రిల్లు రంధ్రం ఒక్కోటి అర చదరపు సెంటీమీటరు. అంటే 26 రంధ్రాలకి తక్కువ వేయకూడదు, నేను 32 వేయించాను. రంధ్రాలు పక్కలకి చూడాలి, పైకి చూస్తే బూడిద పడి మూసుకుపోతాయి. పైపు చివర మరచుట్టుతో బిగించే మూత పెట్టించండి, విప్పి లోపల చువ్వ పెట్టి తోడడానికి.

ఇంకో రంధ్రం ఉంది, అది ప్రాణాల్ని కాపాడేది. మూత పైభాగంలో ఒక అంగుళం రంధ్రం వేయించి, దాన్ని బోల్టుతో కాదు, తడి బంకమట్టితో మాత్రమే మూయాలి. పైపు ఎప్పుడైనా తారుతో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆ మట్టి బిరడా ఎగిరిపోతుంది, డ్రమ్ము పగలదు. పైపుకి వాల్వు పెడదామని కొందరు అంటారు. పొరపాటున కూడా పెట్టొద్దు. గ్యాసు బయటికి వచ్చే దారికి అడ్డం ఏదీ ఉండకూడదు.

ఇటుకల సంగతికొస్తే, గడ్డివాముకీ పశువుల కొట్టానికీ దూరంగా, చెట్ల కొమ్మలు పైన లేని చోటు చూసుకోండి. బంకమట్టిలో కాస్త బూడిద, తరిగిన గడ్డి కలిపి దానితో ఇటుకలు పేర్చండి, సిమెంటు అయితే వేడికి పగిలిపోతుంది. రెండు పక్క గోడలు, ఒక వెనక గోడ, ముందు వైపు కట్టె వేయడానికి నోరు. డ్రమ్ము రెండు గట్టి ఇనుప యాంగిళ్ల మీద కూర్చోవాలి, దాని కింద మంట గది ఒకటిన్నర అడుగు ఎత్తు. డ్రమ్ముకీ గోడకీ మధ్య మూడంగుళాల సందు వదలండి, మంట పక్కల నుంచి పైకి పాకుతూ వెళ్లడానికి. పైన ఇనుప రేకు కప్పి దాని మీద మట్టి పరిచి, వెనక మూలన ఐదంగుళాల పొగగొట్టం ఆరడుగులు నిలబెట్టండి. గొట్టం పొడవు ఉంటేనే గాలి లాగుతుంది, లేకపోతే మంట మీ మొహం మీదికే వస్తుంది.

నింపడం, వెలిగించడం

ఒక లోడులో పెట్టే కట్టె అంతా దాదాపు ఒకే లావు ఉండాలి. మణికట్టు లావు బాగుంటుంది. లావువీ సన్నవీ కలిపితే సన్నవి పొడి అయిపోతాయి, లావువి మధ్యలో కొరివిలాగా మిగులుతాయి. పొడవుగా, దగ్గర దగ్గరగా పేర్చండి, సందుల్లో సన్న పుల్లలు దూర్చండి. నా డ్రమ్ములో ఎండిన సర్కారు తుమ్మ 50 నుంచి 55 కేజీలు పడుతుంది, బొగ్గు 14 కేజీల దాకా వస్తుంది. మూత పెట్టి రింగు బిగించి, చుట్టూ అంచుకి బంకమట్టి మెత్తండి. పై రంధ్రానికి మట్టి బిరడా మర్చిపోవద్దు. మూత ముందు రెండు వరసలు ఇటుకలు వదులుగా పేరిస్తే వేడి బయటికి పోదు.

కింద మంట చిన్నగా మొదలుపెట్టండి. దీనికి పంట కట్టె, కొబ్బరి మట్టలు, ఏ పనికిమాలిన కంపైనా చాలు, మంచి కట్టె తగలేయొద్దు. మొదటి గంట గంటన్నర పైపు రంధ్రాల నుంచి తెల్లటి ఆవిరి మాత్రమే వస్తుంది, అగ్గి తగిలినా అంటుకోదు. అప్పుడు ఓపిక పట్టాలి, మంట ఒక్కసారిగా పెంచితే డ్రమ్ము అడుగు ఎర్రబడి రేకు త్వరగా పాడవుతుంది గానీ లోపలి నీళ్లు తొందరగా పోవు. ఆవిరికి మెల్లగా వెనిగర్ లాంటి ఘాటు వాసన కలుస్తుంది, తెలుపు కాస్తా పసుపుపచ్చగా చిక్కబడుతుంది.

అక్కడ కాస్త వంగి చూడండి, మొహం దూరంగా పెట్టి. ఒక రంధ్రం దగ్గర చిన్న నాలుకలాంటి మంట వస్తుంది, ఆరిపోతుంది, మళ్లీ వస్తుంది. పక్క రంధ్రానికి అంటుకుంటుంది. రెండు మూడు నిమిషాల్లో పైపు పొడవునా రెండు వైపులా వరసగా మంటలు, పెద్ద గ్యాస్ స్టవ్వు వెలిగించినట్టు, బుస్సుమని చప్పుడు. పొగగొట్టం పైకి చూస్తే అప్పటిదాకా చిక్కగా వస్తున్న పొగ పలచబడి ఇంచుమించు మాయమవుతుంది. ఇక మీరు కట్టె వేయడం ఆపేయొచ్చు, డ్రమ్ము తన గ్యాసుతో తనే కాలుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు ఒళ్లు పులకరిస్తుంది. మీకు గొట్టం నుంచి పొగ ఇంకా చిక్కగానే వస్తుంటే గ్యాసు సరిగ్గా మండట్లేదని అర్థం, కింద నోటి దగ్గర బూడిద లాగి గాలి ఆడేలా చేయండి, ఒక పిడికెడు పుల్లలు వేసి చిన్న మంట నిలబెట్టండి.

ఈ గ్యాసు మంట గంట నుంచి గంటన్నర దాకా ఉంటుంది, అంత వేడి ఊరికే గాలిలో కలిసిపోతుంటే బాధగా ఉంటుంది కదా. పైన రేకు మీద స్నానాల నీళ్ల కాగు పెట్టండి. గొట్టం పక్కన తర్వాతి లోడు కట్టె పేర్చి ఎండబెట్టండి, కానీ మూడడుగుల దూరంలో, దగ్గరికి పెట్టి అంటించుకోవద్దు. పసుపు పండించేవాళ్లయితే కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లోనే బొగ్గు పెట్టుకుంటే విడిగా కట్టె ఖర్చు కొంత తప్పుతుంది.

మంట రంగు గమనిస్తూ ఉండండి. మొదట పసుపుగా పొడుగ్గా ఉంటుంది, చివరికి పొట్టిగా, నీలం కలిసి, ఒక్కో రంధ్రం ఆరిపోతూ వస్తుంది. మొత్తం ఆరిపోయాక ఇంకో పావుగంట ఇరవై నిమిషాలు కింద కట్టె మంట పెట్టండి. ఈ చివరి వేడి తక్కువైతే బొగ్గులో తారు మిగిలిపోయి, వాడేటప్పుడు పొగ వస్తుంది.

చల్లార్చడంలోనే పోయేది ఎక్కువ

గ్యాసు పూర్తిగా ఆగిందని నిర్ధారించుకున్నాక, అంతకు ముందు కాదు, పైపు రంధ్రాలన్నిటినీ తడిమట్టి, బూడిదతో కప్పేయండి. డ్రమ్ము చల్లారే కొద్దీ లోపలికి గాలి పీల్చుకుంటుంది, ఆ గాలి తగిలితే బొగ్గు లోపలే కాలి బూడిదవుతుంది. గ్యాసు వస్తుండగా మూస్తే ఒత్తిడి పెరుగుతుంది, ఆగాక మూయకపోతే బొగ్గు పోతుంది. ఆ తేడా మీ కళ్లతో చూసుకుని తెలుసుకోవాలి.

తర్వాత 12 గంటలకి తక్కువ కాకుండా వదిలేయండి. సాయంత్రం ముగిసేలా పెట్టుకుంటే రాత్రంతా చల్లారుతుంది. నేను రెండో లోడు అప్పుడు నాలుగు గంటలకే మూత తీశాను. పైన నల్లగా చల్లగా కనపడింది, గాలి తగిలిన అర నిమిషంలో లోపలంతా ఎర్రగా కణకణమంది, నీళ్లు తెచ్చేలోపు మూడో వంతు బొగ్గు బూడిదైపోయింది, నీళ్లు పోస్తే లేచిన ఆవిరికి చెయ్యి కాలింది. పొద్దున మూత మీద అరచెయ్యి ఆనించి చూడండి, ఏమాత్రం వెచ్చగా ఉన్నా ఇంకాసేపు ఆగండి.

తీసిన బొగ్గుని వెంటనే గోనె సంచుల్లో కట్టేయొద్దు. కొత్త బొగ్గు గాలిలోని ఆక్సిజన్ని పీల్చుకుంటూ తనంతట తాను వేడెక్కుతుంది, గుట్టగా పోస్తే మధ్యలో అంటుకోవచ్చు. జానెడు మందాన నేల మీద పరిచి, ఆరుబయట ఒక పగలూ ఒక రాత్రీ ఉంచాకే సంచుల్లోకి ఎత్తండి. ఆ రాత్రి పక్కన ఒక బకెట్ నీళ్లు పెట్టి పడుకోండి. ఇంట్లో, కొట్టంలో, గడ్డి పక్కన మాత్రం మొదటి వారం రోజులు పెట్టకండి.

మంచి బొగ్గుని గుర్తుపట్టడం తేలిక. రెండు ముక్కలు తగిలిస్తే గాజు ముక్కల్లా ఖంగుమంటుంది. విరిస్తే కరుక్కున విరిగి లోపల నిగనిగలాడుతుంది, చెక్క పోగు గీతలు అలాగే కనపడతాయి. చేతికి మసి పెద్దగా అంటదు. గోధుమ రంగు కనపడితే, విరవబోతే వంగితే, అది సగం కాలిన కొరివి, పారేయకుండా తర్వాతి లోడులో వేసేయండి. మా వీధి చివర ఇస్త్రీ బండి అతనికి మొదటి లోడులోవి రెండు కేజీలు ఇస్తే మర్నాడే వచ్చి, "ఇది పొగేస్తోంది సార్, తెల్ల చొక్కాల మీద మసి పడితే మాటొస్తుంది" అన్నాడు. చివరి ఇరవై నిమిషాల మంట అప్పట్లో నేను పెట్టేవాణ్ణి కాదు. నాలుగో లోడు నుంచి అతనే సంచి తెచ్చుకుని వస్తున్నాడు.

అడుగున మిగిలే పొడిని కూడా వదలొద్దు. ముదురు గంజిలో ముద్దగా కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి మూడు నాలుగు రోజులు ఎండబెడితే కుంపట్లోకి బాగుంటాయి. మా నాయనమ్మ పేడ కలిపి చేసేది, అవి కూడా మండుతాయి గానీ పొగ ఎక్కువ, బూడిద ఎక్కువ. పొలానికి వేయాలనుకుంటే పొడిని నేరుగా చల్లకండి, ముందు పెంటకుప్పలో కలిపి లేదా పశువుల మూత్రంలో కొన్ని వారాలు నాననిచ్చి వేయండి, లేకపోతే ఆ బొగ్గు మొక్కకి అందాల్సిన నత్రజనిని మొదట్లో తనే పట్టేసుకుంటుంది.

పత్తి కట్టెకి డ్రమ్ము వద్దు

పత్తి కట్టె, కంది కంప డ్రమ్ములో పెడితే నిండినట్టే ఉంటుంది, తూకం చూస్తే ఏమీ ఉండదు. వాటికి గుంట పద్ధతి మేలు. ఐదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు, గిన్నెలా కిందికి సన్నబడే గుంట తవ్వండి. అడుగున చిన్న కుప్ప పేర్చి పైనుంచి వెలిగించండి, కిందనుంచి కాదు. పై పొర మీద తెల్లటి బూడిద కనపడటం మొదలవగానే కొత్త పొర వేయండి, మళ్లీ బూడిద, మళ్లీ పొర. పైన ఎప్పుడూ మంట ఉంటుంది కాబట్టి కింద నుంచి వచ్చే గ్యాసు ఆ మంటలోనే కాలిపోతుంది, కిందున్న బొగ్గుకి గాలి అందదు. తొందరపడి ఒకేసారి ఎక్కువ వేస్తే మంట ఆగి పొగ మొదలవుతుంది, పొగ కనపడితే మీరు వేగం ఎక్కువ చేసినట్టే. గుంట నిండాక నీళ్లు గుమ్మరించి ఆర్పేయండి, పక్కకి తప్పుకుని, ఆవిరి బాగా లేస్తుంది. ఈ బొగ్గు సన్నగా ఉంటుంది, పొయ్యికి కన్నా మట్టికే మంచిది. గులాబీ రంగు పురుగు పోవాలంటే పత్తి కట్టె పొలంలో ఉంచొద్దని వ్యవసాయాధికారులు ఎలాగూ చెప్తూనే ఉన్నారు, ఆ పీకిన కట్టెని గట్టు మీద ఊరికే కాల్చే బదులు ఈ గుంటలో వేయండి.

ఈ గ్యాసుతో ఇంజను నడపొచ్చా, కరెంటు తీయొచ్చా అని చాలామంది అడుగుతారు. గ్యాసుతో ఇంజన్లు నడిచిన మాట నిజమే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మన రోడ్ల మీద వెనక డ్రమ్ము కట్టుకున్న బొగ్గు బస్సులు తిరిగాయి, బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్లు కట్టెని గ్యాసుగా మార్చే గ్యాసిఫయర్ల మీద 1980ల నుంచి పని చేశారు. కానీ మన డ్రమ్ము గ్యాసులో తారు చాలా ఎక్కువ, ఇంజను వాల్వులు కొద్ది గంటల్లో అతుక్కుపోతాయి. దానికి వేరే నిర్మాణం, చల్లార్చి వడకట్టే ఏర్పాటు కావాలి. ఈ డ్రమ్ముకి పైపు తగిలించి జనరేటర్ నడిపే ప్రయత్నం చేయకండి.

జాగ్రత్తల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది కంటికి కనపడనిది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. డ్రమ్ము ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి, షెడ్డులో వద్దు. అంటుకోని పొగ వస్తున్నప్పుడు దగ్గర వంగి పీల్చొద్దు, తల బరువెక్కినా, కడుపులో తిప్పినట్టున్నా వెంటనే దూరంగా గాలిలోకి వెళ్లిపోండి. చేసిన బొగ్గుని చలికాలంలో కుంపట్లో వేసుకుని తలుపులు మూసుకుని పడుకునేవాళ్లు ఉన్నారు, పొగ రావట్లేదు కదా అని. పొగ లేకపోయినా ఆ విషం వస్తూనే ఉంటుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. మీరు ఎవరికైనా బొగ్గు అమ్మినా, ఊరికే ఇచ్చినా, ఈ మాట నోటితో చెప్పి ఇవ్వండి. మంట నడుస్తున్నంతసేపూ పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, మూతకి ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, పక్కనుంచే పని చేయండి. నూలు బట్టలు వేసుకోండి, పాలిస్టర్ వద్దు, రవ్వ పడితే ఒంటికి అంటుకుంటుంది.

ప్రతి లోడుకీ ముందు పైపు చివరి మూత విప్పి, చువ్వకి గుడ్డ చుట్టి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తోడండి. రంధ్రాల్లో ఒక్కోదాంట్లో మేకు దూర్చి తారు గీకేయండి. చల్లారిన పైపుకి ఈ చివర నోరు పెట్టి ఊదకండి, తారు మంచిది కాదు, సైకిల్ పంపు ట్యూబు పెట్టి కొట్టి అన్ని రంధ్రాల నుంచీ గాలి వస్తోందో లేదో చేత్తో చూసుకోండి. ఆ తర్వాతే కట్టె పేర్చడం మొదలుపెట్టండి.